జలుబుకి గుండెల మీద రాసే బామ్: చేసేదెంత, చెయ్యనిదెంత (ప్రసంగ పాఠం)

నమస్కారం అండీ అందరికీ. వెనక వరసలో వాళ్ళకి వినిపిస్తుందా... ఆ, సరే. జలుబు చేసినప్పుడు ఛాతీకి రాసుకునే బామ్, అందులోనూ ఇంట్లోనే సహజమైన వాటితో చేసుకునేది, దాని గురించి మాట్లాడమన్నారు. చేసి కూడా చూపిస్తాను, సామానంతా ఇక్కడే ఉంది. కాకపోతే ముందు చేసేసి తర్వాత మాట్లాడదాం అంటే కుదరదు, ఎందుకంటే బామ్ చెయ్యడం ఇరవై నిమిషాల పని, అది మన ఒంట్లో ఏం చేస్తుందో సరిగ్గా తెలిస్తేనే అందులో ఏది ఎంత వెయ్యాలో తెలుస్తుంది, లేకపోతే ఘాటు ఎక్కువ ఉంటే మంచిది అనుకుని వేసుకుంటూ పోతాం.

ఒక్క చిన్న పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టి పక్కన పెడతాను. ఈ గాజు సీసాలో పుదీనా పువ్వు వేస్తున్నా, సన్నగా పొడుగ్గా మెరిసే స్ఫటికాలు, అదే మెంథాల్. దానికి సమానంగా కర్పూరం పొడి. రెండూ గట్టి పదార్థాలే కదా. నీళ్ళు పొయ్యలేదు, నూనె పొయ్యలేదు, పొయ్యి మీద పెట్టలేదు. మూత పెట్టి బాగా ఊపి ఇక్కడ పెడుతున్నా. ముందు వరసలో ఎవరైనా దాని మీద ఒక కన్నేసి ఉంచండి.

సరే, ముక్కు సంగతికి వద్దాం. ముక్కు దిబ్బడ వేసింది అంటాం, అనగానే లోపలంతా చీమిడి నిండిపోయి దారి మూసుకుపోయింది అనుకుంటాం. చాలావరకు అసలు కారణం అది కాదండీ. ముక్కు లోపల పక్క గోడల నుంచి ముందుకి పొడుచుకొచ్చిన మెత్తటి భాగాలుంటాయి, టర్బినేట్స్ అంటారు, వాటి నిండా రక్తనాళాలే. జలుబు వైరస్ వచ్చినప్పుడు అక్కడికి రక్తం ఎక్కువ చేరి అవి ఉబ్బుతాయి, ఉబ్బి గాలి దారిని ఇరుకు చేస్తాయి. అందుకే ఎంత చీదినా ఏమీ రాదు, అయినా గాలి ఆడదు. పడుకోగానే ఇంకా బిగుసుకుపోతుంది, ఎందుకంటే పడుకుంటే తల వైపు నాళాల్లో రక్తం ఇంకాస్త నిలుస్తుంది. పగలంతా ఎలాగోలా నెట్టుకొచ్చినవాళ్ళు రాత్రి పది అయ్యేసరికి బామ్ డబ్బా వెతుక్కోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు బామ్ రాస్తాం, ఛాతీ వెచ్చదనానికి మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం ఆవిరై పైకి వస్తాయి, ఊపిరితో పాటు ముక్కులోకి వెళ్తాయి, రెండు నిమిషాల్లో హమ్మయ్య ముక్కు తెరుచుకుంది అంటాం. తెరుచుకుందా నిజంగా? దీన్ని కొలిచి చూశారు. కార్డిఫ్ యూనివర్సిటీలో రాన్ ఎకిల్స్ అనే ఆయన ఏళ్ళ తరబడి జలుబు మీదే పని చేశారు, మెంథాల్ పీల్చకముందు, పీల్చాక ముక్కులో గాలికి ఎంత అడ్డు ఉందో మెషిన్ పెట్టి చూస్తే ఆ అడ్డులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ మనిషిని అడిగితే చాలా ఫ్రీగా ఉందండీ అంటాడు. ఉబ్బు ఉబ్బులాగే ఉంది, దారి అంతే ఇరుకుగా ఉంది, మనిషికి మాత్రం హాయిగా ఉంది.

ఎలా అంటే, ముక్కు లోపలి పొరలో చల్లదనాన్ని పట్టే నరాలున్నాయి. గాలి లోపలికి వెళ్తుంటే ఆ పొర కొంచెం చల్లబడుతుంది, ఆ చల్లదనాన్ని బట్టే మెదడు, ఆ గాలి బాగా ఆడుతోంది అని లెక్క వేసుకుంటుంది. ఆ నరాల మీద ఉండే ఒక ప్రోటీన్, పేరు టీఆర్‌పీఎం8, చల్లగాలి తగిలితే తెరుచుకుంటుంది, మెంథాల్ తగిలినా తెరుచుకుంటుంది. గుమ్మంలో ఎవరూ లేకుండానే కాలింగ్ బెల్ మోగినట్టు. దీన్ని 2002లో డేవిడ్ జూలియస్ టీమ్, ఆర్డెమ్ పటపూటియన్ టీమ్ వేరువేరుగా కనిపెట్టాయి, స్పర్శ, వేడి, చలి మనకి ఎలా తెలుస్తాయి అనే పనికి 2021లో ఈ ఇద్దరికీ మెడిసిన్ నోబెల్ వచ్చింది. అంటే మనం రాసుకునే బామ్‌లో ఉన్న సంగతి నోబెల్ దాకా వెళ్ళిన సంగతే, చిన్నచూపు చూడక్కర్లేదు.

మరి ఇది మోసం కదా అని అడుగుతారు కొందరు. నేనలా అనుకోను. ఊపిరాడట్లేదు అనే బాధే ఇక్కడ అసలు బాధ, ఆ బాధ తగ్గితే నిద్ర పడుతుంది, జలుబులో మనిషికి కావలసింది అదే. జలుబు తెచ్చే వైరస్‌లు 200 పైనే ఉన్నాయి, ఎక్కువసార్లు వచ్చేవి రైనోవైరస్‌లు, వాటిని తీసేసేది మన ఒళ్ళే, వారం పది రోజులు పడుతుంది, దగ్గు అయితే ఇంకో వారం అటూ ఇటూ సాగొచ్చు. బామ్ రాసినా అంతే, రాయకపోయినా అంతే. ఆ రోజుల్ని తగ్గించదు, రాత్రుల్ని కొంచెం తేలిక చేస్తుంది. నేను బామ్ నుంచి ఇంతకంటే ఆశించను, ఇంతకంటే చెప్పేవాళ్ళని నమ్మను కూడా.

కఫం కరిగిస్తుంది అనే మాట ఒకటి ఉంది. ఛాతీ మీద రాస్తే లోపల తెమడ కరిగి బయటికొచ్చేస్తుంది అని. దానికి సరైన ఆధారం లేదండీ. ఇంకా చెప్పాలంటే 2009లో ఒక రీసెర్చ్ వచ్చింది, ఫెర్రెట్ అని ముంగిసలా ఉండే జంతువు, దాని శ్వాసనాళం మీద ఇలాంటి బామ్ పెట్టి చూస్తే తెమడ తయారవడం పెరిగింది, దాన్ని పైకి తోసే వెంట్రుకల లాంటి భాగాల పని నెమ్మదించింది. ఆ పని మొదలైందే ఒక 18 నెలల పాప వల్ల, ముక్కు కింద బామ్ రాశాక ఊపిరి కష్టమై ఆస్పత్రికి తెచ్చారు. పెద్దవాళ్ళ నాళాలు వెడల్పు కాబట్టి వాళ్ళకి అంత తేడా తెలియదు, పసిపిల్ల నాళం ఎంత సన్నగా ఉంటుందో ఆలోచించండి, అందులో కొంచెం ఉబ్బినా కొంచెం తెమడ పెరిగినా చాలు.

మంచి వైపు చెప్పే రీసెర్చ్ కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. 2010లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2 నుంచి 11 ఏళ్ళ పిల్లల్ని 138 మందిని తీసుకుని, కొందరికి కర్పూరం, మెంథాల్, నీలగిరి ఉన్న బామ్, కొందరికి ఉత్త పెట్రోలియం జెల్లీ, కొందరికి ఏమీ లేకుండా ఒక రాత్రి చూశారు. బామ్ రాసిన పిల్లలు బాగా నిద్రపోయారు, వాళ్ళతో పాటు అమ్మానాన్నలు కూడా (నవ్వులు). అవునండీ, అది కూడా కొలిచారు. ఇందులో ఒక గమ్మత్తు ఏంటంటే వాసన వస్తే ఏది రాశారో తెలిసిపోతుంది కదా, అందుకని పేరెంట్స్ ముక్కు కిందే ముందు బామ్ రాసేశారు, పిల్లల దగ్గర వాసన తెలియకుండా. అయినా చాలామంది కనిపెట్టేశారు, కాబట్టి ఫలితంలో కొంత నమ్మకం పాలు ఉండొచ్చు. పైగా ఖర్చు పెట్టింది బామ్ అమ్మే కంపెనీ. బామ్ రాసిన పిల్లల్లో దాదాపు సగం మందికి చర్మం మీదో కళ్ళలోనో కాస్త మంట లాంటివి వచ్చాయి. ఇవన్నీ కలిపి చూసుకోవాలి.

సీసా ఏమైందండీ? ఆ, నీళ్ళైపోయింది కదా! ఇలా పట్టుకుని చూపించండి అందరికీ. మెంథాల్ విడిగా సుమారు 42 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కర్పూరం 175 దాటితే గానీ కరగదు, కానీ రెండూ కలిస్తే ఈ గదిలో ఉన్న వేడికే ద్రవం అయిపోతాయి. ఒకదాని అణువులు ఇంకోదాని వరసని చెడగొడతాయి, గట్టిగా పేర్చుకుని కూర్చోలేవు. వాము పువ్వు, అంటే థైమాల్, అది కలిపినా ఇలాగే అవుతుంది. నేను ఛాతీ బామ్‌లో వాము పువ్వు వెయ్యను, చర్మాన్ని బాగా మండిస్తుంది, దానివల్ల వచ్చే అదనపు లాభం ఏమీ కనపడదు. ఇలా ముందే ద్రవం చేసుకుంటే లాభం ఏంటంటే బామ్‌లో సమంగా కలుస్తుంది, ఒకచోట గడ్డకట్టి అక్కడ తగిలిన చోట ఒళ్ళు మండడం ఉండదు.

ఇప్పుడు కర్పూరం గురించి కాస్త నిదానంగా చెప్తాను, ఇక్కడ తొందరపడకూడదు. సహజం, చెట్టు నుంచి వచ్చింది, కాబట్టి ఏమీ చెయ్యదు అనే ఆలోచన కర్పూరం దగ్గర చాలా ప్రమాదం. కర్పూరం చెట్టు కట్టె నుంచి తీసినా, టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో చేసినా కడుపులోకి వెళ్తే రెండూ విషమే. ఫిట్స్ తెప్పిస్తుంది, అదీ ఎంతో సేపు పట్టదు, మింగిన కొద్ది నిమిషాల నుంచి గంటన్నర లోపు మొదలవ్వచ్చు. చిన్నపిల్లలకి ఒక గ్రాము లోపే ప్రాణం మీదకి రావచ్చు. ఒకప్పుడు 20 శాతం కర్పూరం ఉన్న నూనె అమ్మేవాళ్ళు, ఆముదం అనుకుని పిల్లలకి తాగించేసిన కేసులు చాలా జరిగాయి, ఒక చెంచాలోనే గ్రాము కర్పూరం మరి. అలాంటివన్నీ చూసి అమెరికాలో 1980ల మొదట్లో ఆ నూనెని ఆపేశారు, రాసుకునే మందుల్లో 11 శాతం మించకూడదని హద్దు పెట్టారు. షాపులో దొరికే పేరున్న ఛాతీ బామ్‌లో కర్పూరం 5 శాతానికి దగ్గర్లో ఉంటుంది, మెంథాల్ రెండున్నర శాతం పైన, నీలగిరి తైలం ఒక శాతం పైన.

నీలగిరి తైలం కూడా అంతే, అందులో 70 శాతం పైగా సినియోల్ అనే పదార్థం, వాసన పీలిస్తే బాగుంటుంది, మింగితే పిల్లలకి మత్తు, ఫిట్స్. ఫిట్స్ జబ్బు ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళైనా సరే ఈ రెండిటికీ దూరంగా ఉండడమే మంచిది. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఘాటు వాసనే ఆయాసం తెప్పించొచ్చు. గర్భంతో ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వద్దు.

సరే పని మొదలెడదాం. నేను పెద్దవాళ్ళ కోసం చేసే లెక్క 100 గ్రాములకి చెప్తాను, రాసుకోండి. నూనె 78 గ్రాములు, తేనె మైనం 17, మెంథాల్ 2, కర్పూరం 2, నీలగిరి తైలం 1. చుక్కల్లో కొలవద్దండీ, డ్రాపర్‌ని బట్టి చుక్క సైజు మారిపోతుంది, గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే అదే వాడండి. చూశారుగా, షాపు బామ్ కంటే కర్పూరం సగం లోపే వేశాం. ఇంట్లో చేసేటప్పుడు కొలత అటూ ఇటూ అయినా హద్దు దాటకుండా ఉండాలని. నూనె కొబ్బరిది కావచ్చు, నువ్వులది కావచ్చు, కొబ్బరి నూనె అయితే 24, 25 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో బామ్ జారుడుగా అనిపిస్తే మైనం రెండు గ్రాములు పెంచి నూనె రెండు తగ్గించుకోండి.

గిన్నెలో నీళ్ళు పెట్టి అందులో ఇంకో గిన్నె కూర్చోబెట్టి, దాంట్లో నూనె, మైనం. నేరుగా మంట మీద వద్దు. మైనం 62 నుంచి 64 డిగ్రీల మధ్య కరుగుతుంది, నూనెలో ఉంటుంది కాబట్టి ఇంకాస్త ముందే కరిగిపోయినట్టు కనిపిస్తుంది. మొత్తం తేటగా అయ్యాక పొయ్యి ఆపేసి గిన్నె దించి దూరంగా పెట్టండి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు, వేడి వేడిగా ఉండగానే మెంథాల్ పోసేస్తారు, గదంతా ఘాటు, కళ్ళు మండిపోతాయి, వేసిన దాంట్లో కొంత గాల్లోకే పోతుంది, పైగా ఆ ఆవిరికి మంట తగిలితే అంటుకుంటుంది. గిన్నె అంచుల్లో తెల్లగా మసక పట్టడం మొదలయ్యే దాకా ఆగండి, 55 డిగ్రీల దగ్గర, అప్పుడు సీసాలో ఉన్న ఈ ద్రవంలోంచి 4 గ్రాములు, నీలగిరి తైలం 1 గ్రాము పోసి, మొహం పక్కకి పెట్టుకుని కలిపి వెంటనే డబ్బాల్లోకి. కిటికీలు తీసి ఉంచండి. చిన్న డబ్బాలే వాడండి, 25 గ్రాములవి. ఎందుకంటే పిల్లాడు ఎప్పుడైనా మూత తీసి నాకేసినా మొత్తం డబ్బాలో ఉండే కర్పూరం అర గ్రాము, 100 గ్రాముల డబ్బా అయితే 2 గ్రాములు. అర గ్రాము కూడా నిర్లక్ష్యం చేసేది కాదు, వెంటనే ఆస్పత్రికే, వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చెయ్యొద్దు. గాజువో రేకువో అయితే మంచిది, కొన్ని ప్లాస్టిక్‌లని ఈ నూనెలు తినేస్తాయి.

మరి మూలికలు ఎక్కడ అని చూస్తున్నారు కదా మీరు (నవ్వులు). తులసి, పుదీనా, యూకలిప్టస్ ఆకు వేసి నూనె కాచుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు, వాసన బాగుంటుంది, రంగు బాగుంటుంది. కానీ బామ్ పని చేసేది దాంతో అనుకోకండి. 100 గ్రాముల పచ్చి పుదీనా ఆకులో సుగంధ తైలం ఒక గ్రాము కూడా ఉండదు. పైగా వంటకి వాడే మామూలు పుదీనాలో ముఖ్యంగా ఉండేది కార్వోన్ అనే వేరే పదార్థం, మెంథాల్ ఉండేది వేరే జాతి పుదీనాలో, దాని నూనెని బాగా చల్లబరిస్తే ఈ స్ఫటికాలు విడిపోతాయి. కాబట్టి పెరట్లో పుదీనా కోసి నూనెలో కాస్తే పుదీనా వాసనొస్తుంది, ముక్కులో ఆ చల్లదనం రాదు. పచ్చి ఆకుతో ఇంకో తంటా నీళ్ళు, ఆకులో ఎక్కువ భాగం నీళ్ళే, ఆ తడి నూనెలో మిగిలితే బామ్ బూజు పడుతుంది. పూర్తిగా ఆరబెట్టిన ఆకే వేసి, సన్నటి సెగ మీద గంటా రెండు గంటలు ఉంచి, గుడ్డలో వడకట్టండి. పసుపు వెయ్యమంటారా అని కిందటిసారి ఎవరో అడిగారు, వేస్తే బట్టలు, దిండు గలీబులు పాడవుతాయి, ముక్కుకి ఒరిగేదేం లేదు.

రాసుకోవడం ఎక్కడ అంటే ఛాతీ మీద, గొంతు కింద, కావాలంటే వీపు పైభాగం. మొదటిసారి అయితే ముంజేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి, ఎర్రబడి దద్దుర్లొస్తే అది మీకు పడదు. అరచెంచా చాలు. పైన వదులు బట్ట వేసుకోండి, ఆవిరి పైకి రావాలి కదా. గట్టిగా కట్టు కట్టడం, దాని మీద హాట్ వాటర్ బ్యాగ్ పెట్టడం వద్దు, వేడికి చర్మంలోంచి ఎక్కువ లోపలికి పోతుంది, బొబ్బలు కూడా లేస్తాయి. పుండు మీద, గీరుకున్న చోట వద్దు. ముక్కు రంధ్రాల్లో పెట్టుకోవడం అలవాటున్నవాళ్ళు మానెయ్యండి, నూనె, జెల్లీ లాంటివి రోజూ ముక్కులో పెడుతుంటే కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా లాంటిది తెచ్చిన సందర్భాలున్నాయి.

ప్రశ్నలు అడగండి. ఆ, మీరు అమ్మా.

(సభ నుంచి: అరికాళ్ళకి రాసి సాక్సులు వేస్తే దగ్గు తగ్గుతుందంటారు, నిజమేనా అండీ?)

వాసన ముక్కుకి చేరడమే దీని పని అన్నాం కదా, అరికాలు ముక్కుకి ఎంత దూరం, పైగా సాక్సు వేసి మూసేశాం. చర్మం లోపలి నుంచి వెళ్తుంది అంటే అక్కడ చర్మం బాగా మందం. అలా తగ్గుతుందని చూపించిన రీసెర్చ్ నేనేదీ చూడలేదు. హాని పెద్దగా లేదు, పెద్దవాళ్ళు రాసుకుని లేచి నడిచి జారి పడకుండా ఉంటే చాలు.

(సభ నుంచి: మా మనవడికి పదినెలలు సార్, చాలా కొంచెం రాయొచ్చా?)

వద్దండీ. రెండేళ్ళ లోపు కొంచెం కూడా వద్దు. పసిపిల్లల ముక్కు దగ్గర మెంథాల్ లాంటి ఘాటు తగిలితే ఒక్కసారిగా ఊపిరి బిగబట్టేసే రిఫ్లెక్స్ ఉంటుంది, గొంతు పట్టేస్తుంది. రెండు నుంచి ఆరేళ్ళ మధ్యవాళ్ళకి కూడా ఇంట్లో చేసింది వద్దంటాను నేను, లేబుల్ మీద వయసు, శాతం రాసున్నది, అదీ డాక్టర్‌ని అడిగి. మీ మనవడికి ముక్కులో సెలైన్ చుక్కలు వేసి మెత్తగా చీమిడి తీసెయ్యండి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టించమనండి, కాసేపు ఎత్తుకుని నిటారుగా ఉంచండి. పాలు తాగలేకపోతున్నా, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా ఇక ఇంట్లో ఏమీ చెయ్యకండి, వెంటనే ఆస్పత్రి. పెద్దవాళ్ళకైనా జ్వరం మూడు రోజులు దాటితే, పిల్లికూతలు వస్తే, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడితే అది బామ్ పని కాదు.

(సభ నుంచి: వేడి నీళ్ళలో ఈ బామ్ వేసి ఆవిరి పట్టొచ్చా?)

అది అస్సలు చెయ్యకండి. మైనం, నూనె నీళ్ళ మీద తేలి వేడికి చిట్లుతాయి, కళ్ళ మీద పడుతుంది, ఆ గిన్నె మీదకే మొహం వంచి ఉంటాం కదా. మైక్రోవేవ్‌లో పెట్టి కరిగిద్దాం అని కూడా చూస్తారు, అదీ అంతే. ఉత్త ఆవిరి పట్టినా పిల్లల్ని దగ్గర పెట్టుకుని పట్టొద్దు, వేడి నీళ్ళు ఒలికి కాలడం ఆస్పత్రుల్లో మామూలుగా చూసే కేసు.

(సభ నుంచి: ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?)

నీళ్ళు కలవలేదు కాబట్టి తొందరగా పాడవదు, ఆరు నెలలు ధైర్యంగా వాడుకోండి, చల్లటి చీకటి చోట పెడితే ఇంకొన్నాళ్ళు. తడి వేళ్ళు పెట్టకండి. డబ్బా మీద ఏమేం వేశారో, ఎంత వేశారో, తేదీ, రాసి అంటించండి, ఎవరైనా మింగితే డాక్టర్ మొట్టమొదట అడిగేది అదే. నూనె ముక్క వాసన వస్తే పారెయ్యండి. వాసన తగ్గిపోయిందని మళ్ళీ కరిగించి ఇంకాస్త కర్పూరం వెయ్యాలనిపిస్తుంది, అప్పుడు ఎంత ఉందో లెక్క తెలియదు, కొత్తది చేసుకోండి. ఇక్కడ చేసినవి గట్టిపడ్డాయి, పెద్దవాళ్ళున్న ఇంటికైతే తలా ఒకటి తీసుకెళ్ళండి, చిన్నపిల్లలున్నవాళ్ళు నాతో ఒక మాట చెప్పి తీసుకోండి.